మనసునకు తోచుటయు, బుద్ధికి తేలుటయు

(సౌదీ అరేబియాలోని తాయిఫ్ నగరమునందలి తెలుగువారు ఈద్ సెలవులలో ఇస్తిరాహాయను ఒక విడిదిలో జరుపుకొనిన సంస్మరణసభయందు చదువబడిన స్మారకోపన్యాసపు పాఠము)



ఎవరి స్మృత్యర్థము మనము నేడిచ్చట సమావేశమైతిమో ఆ మహాశయుని పేరు ఈ ముద్రితపాఠమున చేర్పవలదని ఆయన కుటుంబమువారు కోరియున్నారు. బ్రతికియున్నన్నాళ్లు ఏ ఆహ్వానపత్రికమీదను తన పేరు అచ్చుపడనీయని మనిషికి, పోయిన పిమ్మట ఆ అపచారము చేయనేల యని వారి అభిప్రాయము. ఆయనను ఎరిగినవారికి పేరు అక్కరలేదు. ఎరుగనివారికి ఇంతమాత్రము చెప్పిన చాలును: ఒక నిర్మాణసంస్థ గిడ్డంగిలో స్టోర్‌కీపరుగా పనిచేయుచు, శుక్రవారపు మధ్యాహ్నములందు తన గదిని తాయిఫ్ తెలుగువారికి సలహాసభగా విడిచిపెట్టిన పెద్దమనిషి ఆయన. ఇఖామా (నివాసపత్రము) గడువు దాటినవాడును, కఫీలుతో (పూచీదారుడైన యజమానితో) మాటపట్టింపు వచ్చినవాడును, తమ్ముని రప్పింపదలచి వీసా కాగితము చేతబట్టుకొని వచ్చినవాడును ఆయన మంచపుటంచున కూర్చుండి, సులైమానీ తేనీరు త్రాగుచు తమ గోడు వెళ్లబోసికొనెడివారు. అంతయు విన్నపిమ్మట, వచ్చినవాడు "ఏమో సార్, నా మనసుకైతే మంచిదే అనిపిస్తున్నది" అనెనా, ఆయన కండ్లజోడు నుదుటిపైకి త్రోసి, "అనిపించింది సరే నాయనా, ఈ విద్య నీ మనసు ఎక్కడ నేర్చుకుంది?" అని అడిగెడివారు.

తెలుగునాట కళాశాలలో సంస్కృతము బోధించి విశ్రాంతి గైకొని, కుమారుని ఇంట కొంతకాలము గడుపుటకై ఈ దేశమునకు వచ్చిన నాకు, న్యాయశాస్త్రమున నేను పాఠముగా మాత్రమే చెప్పుచు వచ్చిన ఒక సూక్ష్మమును, ఆ శాస్త్రపు పేరైన వినియుండని స్టోర్‌కీపరు నిత్యవ్యవహారమున ప్రయోగించుట చూచినప్పుడు కలిగిన ఆశ్చర్యము నేటికిని తగ్గలేదు. ఆయన వేసిన ఆ ప్రశ్నయే నేటి నా ఉపన్యాసమునకు విషయము.

ఏది కొనవలెను, ఎవరిని నమ్మవలెను, ఎప్పుడు బయలుదేరవలెను, ఎప్పుడు నోరు మూసికొనవలెను అను నిత్యనిర్ణయములలో అధికభాగము తర్కముచేత జరుగవు. తటాలున మనసునకు తోచును, మనము నడచెదము. తోచినదానిని నమ్మరాదని గద్దించు హేతువాదులు ఒకవంకను, తోచినదియే దైవవాణియని చేతులు జోడించు విశ్వాసులు మరియొకవంకను నిలువగా, నడుమ సామాన్యుడు ఏ పూటకాపూట ఎటో ఒకవైపు ఒరుగుచు కాలము గడుపుచున్నాడు. రెండును సమపాళ్లలో ఉండవలెనని ఉపదేశించుట సులభమే గాని, ఆ ఉపదేశమువలన ఎవనికైనను ఒక్క చిక్కు విడినట్లు నేనెరుగను. ఎచ్చట దేనికి పెద్దరికమీయవలెనో తెలియుటయే అసలు కష్టము, పాళ్లమాట తరువాతిది.

మన ప్రాచీనులు ఈ కష్టమును ఎరుగనివారు కారు. వైశేషికదర్శనమునకు పదార్థధర్మసంగ్రహమను గ్రంథమును రచించిన ప్రశస్తపాదుడు, ఋషులకు కలుగు ఆర్షజ్ఞానమును వర్ణించుచు, అది ఒక్కొక్కప్పుడు లౌకికులకును కలుగునని ఒప్పుకొని, అందులకు ఏ మహారాజునో ఏ మంత్రిపుంగవునో ఉదాహరింపక, రేపు తన అన్న వచ్చునని హృదయము చెప్పుచున్నదనెడు ఒక బాలికను ఉదాహరించెను. ద్రవ్యములు, గుణములు, కర్మములు అను కఠినవిభాగముల నడుమ ఆ పిల్ల నిలిచియుండుట చూచినప్పుడెల్ల నాకు ఆ భాష్యకారునిపై అభిమానము కలుగును. కొన్ని శతాబ్దములు గడచినపిమ్మట, 9వ శతాబ్దపు కాశ్మీరమున జయంతభట్టు తన న్యాయమంజరిలో ఆ బాలికనే మరల పిలిపించి, ఆమెకు కలిగిన జ్ఞానము సంశయరూపము కాదు, తరువాత వచ్చిన ఏ జ్ఞానముచేతను బాధింపబడలేదు, కావున అది ప్రమాణమే యని ఆమె పక్షమున వాదించెను.

అట్టి చెల్లెండ్రు జగిత్యాలలోను, ఆర్మూరులోను, రాయచోటిలోను మీ యిండ్లలో ఎందరో కలరు. "ఎందుకో ఇయ్యాల అన్న ఫోన్ చేస్తడనిపించింది" అని చెల్లెలనును. అన్న ఫోను చేయును. ఆ దినము ఇంటిల్లిపాదికిని కలకాలము జ్ఞాపకముండును. అనిపించియు ఫోను రాని దినములు మాత్రము ఎవరికిని జ్ఞాపకముండవు. జయంతభట్టు పెట్టిన నిబంధనలో ప్రాణమంతయు ఆ "బాధింపబడకుండుట"యందున్నది. బాధింపబడిన దినములను లెక్కవ్రాసి ఉంచుకొనెడి అలవాటు లేనివారు తమ హృదయమును ప్రమాణమని చెప్పుకొనుటకు జయంతభట్టు సాక్షిగా రాడు.

ఐనచో తోచుటయంతయు కాకతాళీయమేనా? కాదు. వాక్యపదీయకర్తయైన భర్తృహరి ప్రథమకాండమున, మణులను నాణెములను పరీక్షించువారి జ్ఞానమును ప్రస్తావించి, అది ఇతరులకు మాటలలో చెప్పనలవి కానిది, అభ్యాసమువలననే పుట్టునది, అనుమానమువలన కలుగునది కాదు అని స్పష్టముగా నిర్ణయించెను. దానికి సమీపముననే, నేర్పరులైన తార్కికులు శ్రమించి నిలిపిన విషయమును వారికన్న నేర్పరులు వచ్చి మరియొకవిధముగా త్రిప్పివేయుదురని కూడ చెప్పి తర్కముయొక్క గర్వమును కొంత అణచెను. ఆయన చెప్పిన రత్నపరీక్షకునకు మంత్రశక్తి యేదియు లేదు. వేలకొలది రాళ్లను వ్రేళ్లనడుమ త్రిప్పి చూచినాడు. తప్పుచెప్పినప్పుడెల్ల గురువుచేతనో కొనువానిచేతనో చీవాట్లు తిన్నాడు. ఆ చీవాట్లన్నియు కలసి ఆతని కంటికి చూపైనవి.

ఆ రత్నపరీక్షకుని వంటివానిని తాయిఫ్‌లో చూడగోరువారు వసంతకాలమున హదా, షఫా కొండలమీది గులాబితోటలకు పోవలెను. మార్చి నెలాఖరు మొదలుకొని ఏప్రిల్ తుదివరకును, ఎండ తగిలి సుగంధము ఎగిరిపోకమునుపే, తెలతెలవారుచుండగనే పూలు కోయుదురు. ఆ పూటనే వానిని రాగికాగులలో నీటితో కలిపి, మూతలు బిగించి, క్రింద మంట పెట్టుదురు. ఆవిరి గొట్టముగుండ పోయి, చల్లనినీటి తొట్టిలో చల్లారి, మెడ సన్నని గాజుబుడ్డిలోనికి చుక్కచుక్కగా దిగును; ఆ నీటిపై తేలెడి పలుచని పొరయే లోకప్రసిద్ధమైన తాయిఫ్ గులాబి అత్తరు. ఒక తులము అత్తరునకు 10,000 మొదలు 12,000 వరకు పూలు కావలెనని తోటలవారు చెప్పుదురు. (అరబ్బుదేశపు నడికొండలలో అత్తరును నేటికిని మన తులములతోనే తూచుట చూడగా, హిందూదేశపు వర్తకులు ఈ సీమకు ఎంత పాతచుట్టములో తెలియును.) మంట మిక్కుటమైన అత్తరునకు మాడువాసన పట్టును; మందగించిన పూలు వృథాయగును. తండ్రితాతలనాటినుండి ఈ పని చేయుచున్నవాడు గొట్టపు వేడిని చేతితో తాకి, చుక్కలు దిగువడిని చూచి, ఒకసారి వాసన పీల్చి, ఒక కట్టె వెనుకకు లాగును. ఏల లాగితివని అడిగిన ఆతడు చెప్పు సమాధానము మీకును తృప్తి కలిగింపదు, ఆతనికిని తృప్తి కలిగింపదు. ఐనను అత్తరు బాగుగనే దిగును. ఇచ్చట మనసునకు తోచుటకు పెద్దరికమీయవలెను. ఉష్ణమాపకము పట్టుకొని ఆతనికి పాఠము చెప్పబోవువాడు మూఢుడు.

ఆ గులాబివానినే సముద్రతీరమునకు కొనిపోయి, వేరొక పువ్వును వేరొక పాత్రలో వేసి యిచ్చిన నేమగును? ఈ ప్రశ్నకు సమాధానము గులాబితోటలలో దొరకదు గాని, మీ వంటిండ్లలో దొరకును.

సముద్రపుటొడ్డుననున్న జిద్దాలో ఏండ్లకొలది వంటచేసి చెయ్యితిరిగిన మన తెలుగు వంటవాడొకడు తాయిఫ్‌కు మారెననుకొందము. కందిపప్పు ఎసట పోసినాడు. ఎప్పుడు దింపవలెనో ఆతడు గడియారము చూడడు, ఆతని చేతికే తెలియును. ఆ చేయి చెప్పిన వేళకు దింపిచూడగా పప్పు పలుకుపలుకుగా ఉన్నది. పప్పు పాతదనును, అమ్మినవానిని తిట్టును, నీళ్లు చవుడనును. తాయిఫ్ నగరము సముద్రమట్టమునకు ఇంచుమించు 1,880 మీటర్ల ఎత్తున ఉన్నదనియు, గాలి ఒత్తిడి తగ్గుటచేత ఇచ్చట నీరు 100 డిగ్రీలకు గాక 94 డిగ్రీలకు అటునిటుగా మరగుననియు, మరగు నీటికి అంతకుమించి వేడి ఎక్కదు గనుక పప్పు ఉడుకుటకు ఎక్కువసేపు పట్టుననియు ఆతడెరుగడు. కుక్కరుతో వండిన ఇల్లాలైనను జిద్దా విజిళ్ల లెక్కకు మరియొకటి కలుపుకొనవలసినదే. వంటవాని చేయి అబద్ధమాడలేదు. జిద్దాలో నేర్చిన సత్యమునే తాయిఫ్‌లో చెప్పినది.

ఇచ్చటనే మన తర్కసంగ్రహకారుడు అక్కరకు వచ్చును. 17వ శతాబ్దమునాటి అన్నంభట్టు ఆంధ్రుడని ప్రసిద్ధి. కాశికి పోయినంతమాత్రమున ప్రతివాడును అన్నంభట్టు కాజాలడని పండితులలో సామెత పుట్టునంతటి కీర్తి గడించినవాడు. తర్కము నేర్వగోరు పిల్లవాడు నేటికిని మొదట చేతబట్టునది ఆయన చిన్నిపొత్తమునే. కొండమీద పొగ కనబడుటచేత అచ్చట నిప్పున్నదని ఊహించు ప్రసిద్ధోదాహరణమున, పొగయున్నచోట నిప్పుండునను నియమమును మనము ఎచ్చట నేర్చితిమనగా, వంటశాలలో నేర్చితిమని ఆ గ్రంథము చెప్పుచున్నది. శాస్త్రకారులు వంటింటిని ఎంత గౌరవించిరో చూడుడు! పిమ్మట ఆయనయే, దానిని తలక్రిందు చేసి నిప్పున్నచోటనెల్ల పొగయుండుననిన ఎట్లు తప్పగునో చూపెను. ఎర్రగా కాగిన యినుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. పొగ పుట్టుటకు నిప్పుమాత్రము చాలదు, పచ్చికట్టెయు కూడవలెను. మన కంటబడకుండ నియమమునకు తోడై నిలిచిన ఆ పచ్చికట్టెకే శాస్త్రమున ఉపాధియని పేరు. మన వంటవాని నియమమునకు పచ్చికట్టె సముద్రమట్టము.

ఇదియే నేను చెప్పదలచిన ముఖ్యవిషయము. మనసునకు తోచునదెల్లయు ఎక్కడనో, ఎప్పుడో, మాటలు లేకుండ నేర్చుకొనిన నియమమే. అది పుట్టినచోట దానితోకూడ ఉన్న ఉపాధులు కనబడవు, కనబడవలసిన అవసరమును లేదు. చోటు మారినప్పుడు మాత్రమే అవి పగ తీర్చుకొనును. కావున నిత్యజీవితమున తర్కమునకు గల పని, తోచుటను త్రోసివైచి తాను సింహాసనమెక్కుట కాదు. ఆ నియమమునకు ఉపాధి యేదో వెదకుట. దేశము విడిచి వచ్చినవారికి ఈ పని స్వదేశముననున్నవారికన్న నూరింతలు అవసరము. ఏలయన వారి చేతులు, కండ్లు, చెవులు అన్నియు వేరొకచోట చదువుకొని వచ్చినవి.

ఉదాహరణములు మీ దినచర్యలోనే కలవు. గోదావరితీరపు ఉక్కలో పెరిగినవాడు చెమటనుబట్టి ఎండను కొలుచును. ఇచ్చటి పొడిగాలిలో చెమట పుట్టినదిపుట్టినట్లే ఆరిపోవుటచేత, ఒంటిమీద తడి లేదు గనుక ఒంటిలో నీరు తగ్గలేదని ఆతని శరీరము వాదించును. ఆ వాదము విన్నవాడు కండ్లు తిరిగి పడును. జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము 12 గంటలనుండి 3 గంటలవరకు కార్మికులను ఆరుబయట ఎండలో పనిచేయింపరాదని ఈ దేశపు ఉత్తరువు. తాయిఫ్ చల్లని ఊరు గదా, మనకు ఆ నియమమెందులకని నవ్వువారిని నేను విన్నాను. వారిని నవ్వించుచున్నది తాయిఫ్ గాలి, ఎండ కాదు. మన దేశమున బండ్లు ఎడమవైపున నడచును, కావున దారి దాటువాడు మొదట కుడివైపు చూచును. ఇచ్చట బండ్లు కుడివైపున నడచును, ప్రమాదము మొదట ఎడమనుండి వచ్చును. మెడ తనంతట కుడికే తిరుగును. పుట్టినది మొదలు నేర్చిన మెడకు విమానపు టిక్కెట్టు సంగతి తెలియదు.

1960ల దశకమున తెరువబడిన హదా కనుమదారి సంగతి మీలో డ్రైవర్లుగా ఉన్నవారు నాకన్న బాగుగ చెప్పగలరు. కరీంనగరపు చదునునేలపై బండి నేర్చినవాని పాదము, వేగము పెరిగినదనగనే బ్రేకుమీదికి పోవును. చదునునేల ఆ నియమమునకు ఉపాధి. తాయిఫ్ అంచునుండి మక్కావైపు వంపులు తిరుగుచు దిగు ఆ ఘాట్‌రోడ్డుమీద బ్రేకు ఎడతెగక త్రొక్కిన అది కాగిపోయి పట్టు వదలును. గేరు తగ్గించి ఇంజనుచేతనే బండిని పట్టింపవలెను. చలికాలమున ఆ కొండను మంచు కప్పివేసినప్పుడు నాకు నైయాయికులు మరల జ్ఞాపకము వచ్చెదరు. మంచును పొగయని భ్రమించి నిప్పును ఊహించువాని ఉదాహరణము వారి గ్రంథములలో పాతది.

ధర్మవిషయమునను మన పెద్దలు ఈ ప్రశ్ననే ఎదుర్కొనిరి. మనుస్మృతి ధర్మమునకు చెప్పిన నాలుగు మూలములలో తుదిది ఆత్మతుష్టి. ఇది చూచి, ఎవని మనసునకు నచ్చినది వానికి ధర్మమైనచో దొంగ మనసునకు దొంగతనము నచ్చదా యని శంకించువారికి మీమాంసకుడైన కుమారిలభట్టు తంత్రవార్తికమున సమాధానము చెప్పెను. ఉప్పుగనిలో పుట్టినదెల్లయు ఉప్పే యగునట్లు, చిరకాలము వేదాధ్యయనమున మునిగినవాని మనస్సునకు తోచునది వేదానుకూలమే యగునని ఆయన వాదము. కుమారిలుని వేదప్రామాణ్యమును అంగీకరింపనివారికైనను ఆ గనిమాట ఉపయోగించును. మనసు ఏ గనిలో ఊరినదో తెలియక దాని రుచిని నమ్మరాదు. అచ్చటనే ఆయన, సంశయస్థలమున సత్పురుషులకు అంతఃకరణప్రవృత్తియే ప్రమాణమను అర్థముగల కాళిదాసు వాక్యమును ఉదాహరించెను. ఆ మాట దుష్యంతుడు కణ్వాశ్రమమున శకుంతలను తొలిసారి చూచినప్పుడు అనుకొనినది. ఆ దుష్యంతుడే, పిమ్మట శాపవశమున మరచి, నిండుసభలో ఆనవాలేదని అడిగి, ఉంగరము చూపలేకపోయిన భార్యను త్రోసిపుచ్చినాడు. అప్పుడును ఆతని హృదయము లోలోపల కలతపడుచునే యున్నది, ఆ కలతను ఆతడు గుర్తించియు నున్నాడు. సాక్ష్యము లేనందున హృదయమునకు సభలో చోటీయలేదు. పరస్త్రీని భార్యగా స్వీకరింపరాదను రాజధర్మమును బట్టి చూడగా ఆతని తర్కమున దోషము చూపుట కష్టము. కలతకు కారణము వెదకుటకై గడువైనను కోరకపోవుటయే నేను ఆతనిపై మోపు నేరము.

నవీనమనశ్శాస్త్రజ్ఞులును తిరిగితిరిగి ఈ తావునకే వచ్చిరి. నిపుణుల అంచనాలలోని పొరపాట్లను జీవితమంతయు ఎత్తిచూపిన డేనియల్ కానెమాన్, అగ్నిమాపకదళపు నాయకులు క్షణములో చేయు నిర్ణయములను మెచ్చి పరిశోధించిన గేరీ క్లైన్, ఈ విరోధులిద్దరును కలసి కూర్చుండి 2009లో ఒక వ్యాసము ప్రకటించిరి. వారు తేల్చినది స్థూలముగా ఇది: మనిషి మెలగెడి రంగమున నిలుకడయైన నియమములు ఉండవలెను, ఆ నియమములను దీర్ఘకాలము అభ్యసించి, తప్పొప్పులు వెంటవెంటనే తెలిసికొను అవకాశము ఆతనికి ఉండవలెను. ఈ రెండును ఉన్నచోట తోచుటను నమ్మవచ్చును; లేనిచోట, తోచినవాడు ఎంత నిబ్బరముగ చెప్పినను ఆ నిబ్బరము నిజమునకు గుర్తు కాదు. భర్తృహరి రత్నపరీక్షకుడు ఈ పరీక్షలో నెగ్గును. మీ తల్లియు నెగ్గును: "బాగానే ఉన్ననమ్మా" అని మీరు ఫోనులో అనగనే "గొంతెందుకురా అట్లున్నది?" అని ఆమె పట్టుకొనుటకు కారణము, మీ గొంతును మీకు మాటలు రాకమునుపటినుండి ఆమె వినుచు, తన ఊహ నిజమో కాదో ప్రతిదినము ఎదుటనే సరిచూచుకొనుచు వచ్చుట. ఆ చెవికి మీరు అబద్ధము చెప్పబోకుడు. కాని అదే తల్లి, వాకిట నిలిచిన ఏజెంటు ముఖము చూచి "మంచివానిలెక్కనే ఉన్నడు" అనినప్పుడు ఆమె పరీక్షలో తప్పినది. ఏజెంట్ల ముఖములను ఆమె ఎన్ని చూచినది? చూచినవారిలో ఎవరు మంచివారైరో, ఎవరు కాకపోయిరో ఆమెకు ఎవరు చెప్పిరి?

కారణము ముందు, నిర్ణయము వెనుక రావలెనని పట్టుబట్టువారికి ఈ తాయిఫ్ సమీపముననే ఒక పాతకథ కలదు. ఇస్లామునకు పూర్వము ఇచ్చటి ఉకాజ్ సంతలో అరబ్బుకవులు ఏటేట కూడి పద్యములు చదువుచుండగా, ఎర్రతోలు గుడారమున కూర్చుండి నాబిఘా అను వృద్ధకవి తీర్పు చెప్పెడివాడట. 2007లో పునరుద్ధరింపబడిన ఉకాజ్ ఉత్సవమును మీలో కొందరు చూచియుందురు. ఖన్సా అను కవయిత్రిని ఆ వృద్ధుడు మెచ్చగా, హస్సాన్ ఇబ్న్ సాబిత్ ఆమెకన్న తానే మిన్నయని ధిక్కరించెననియు, అప్పుడు నాబిఘా ఆతని పద్యమునే ఎత్తుకొని, గొప్ప చెప్పుకొనవలసినచోట కొలదిసంఖ్యను తెలుపు బహువచనములు వాడితివని మాటమాటకు తప్పు చూపెననియు సాహిత్యచరిత్రకారులు చెప్పుదురు. తీర్పు ముందు తోచినది. కారణములు అడిగినప్పుడు వచ్చినవి. ఆ పెద్దరికమునకు అర్హత, ముందే కారణములు చెప్పుట కాదు, అడిగినప్పుడు చెప్పగలుగుట. 

తోచినదానికి కారణములను విడదీసి చూపుట వైద్యమునను కలదు.    వైద్యుని అనుభవమునకు లెక్కను జోడించుట నవీనుల సొమ్ము. 1952లో వర్జీనియా ఆప్గార్ అను అమెరికా వైద్యురాలు, పుట్టిన బిడ్డను చూడగనే మంత్రసానికి తోచెడి "బిడ్డ బాగుంది", "బాగులేదు" అను తలపును గుండెవేగము, ఊపిరి, కండరముల బిగువు, ప్రేరణకు ప్రతిస్పందన, రంగు అను ఐదు గుర్తులుగా విడదీసి, ఒక్కొక్కదానికి సున్న మొదలు రెండువరకు అంకెలు వేయించెను. మీలో నర్సులుగా ఉన్న అమ్మాయిలు దినమును చేయుచున్న పని ఇది. అంకె వచ్చినందున కంటికి పని తప్పలేదు. క్రొత్తగా చేరిన పిల్లకును పాత మంత్రసాని చూపులో కొంతపాలు దక్కినది.

ఇంతవరకు తోచుటనే బోనులో నిలిపితిని. తర్కమునకును బోనెక్కక తప్పదు. మేకను మోసికొనిపోవు బ్రాహ్మణుని ముగ్గురు ధూర్తులు దారిలో వేర్వేరుచోట్ల కలసికొని, కుక్కను మోయుచున్నావేమి యని అడిగి, తుదకు దింపివేయించిన పంచతంత్రకథ మీకు తెలిసినదే. ఆతనిని మనము తెలివితక్కువవాడని నవ్వుదుము. న్యాయముగ చూడగా ఆతడు చేసినది తర్కమే: ఒకడు పొరబడవచ్చును, ఇద్దరు పొరబడవచ్చును, ఒకరినొకరు ఎరుగని ముగ్గురు ఒకే పొరపాటు పడుట అరుదు, కావున తన కన్నే పొరబడియుండును. ఈ వాదమున మెట్టు ఏదియు విరుగలేదు. ఒకరినొకరు ఎరుగనివారను పునాదియొకటే అబద్ధము. భుజముమీద వెచ్చగా కదలుచున్న మేక చెప్పుచున్న సత్యమును ఆ చక్కని వాదము మ్రింగివేసినది.

గల్ఫ్ వీసా మోసములలో అధికభాగము ఈ కథయే. ఊరిలో సబ్‌ఏజెంటును గూర్చి ముగ్గురు మంచిమాట చెప్పుదురు. ఆ ముగ్గురికిని తలకింతయని ముట్టినట్లు తరువాత తెలియును. "ఆజాద్ వీసా, ఎక్కడైనా పని చేసుకోవచ్చు" అని ఆ ఏజెంటు అనును. చట్టమున ఆజాద్ వీసాయను వస్తువు లేదు, వీసా ఎవని పేర వచ్చినదో వానియొద్దనే పనిచేయవలెను. విజిట్ వీసామీద పోయి అచ్చట మార్చుకొనవచ్చుననును. నమ్మినవారు బుద్ధిహీనులు కారు. పొలము అమ్మవలెనా, బంగారము తాకట్టు పెట్టవలెనా, జీతము ఇంత వచ్చిన వడ్డీ ఎన్ని నెలలలో తీరును అని రాత్రులు కూర్చుండి లెక్కలు వేసినవారే. లెక్కలన్నియు సరిగనే ఉన్నవి. మొదటి అంకె ఇచ్చినవాడు ఏజెంటు.

మన స్టోర్‌కీపరు గొప్పతనమిచ్చట తెలియును. ఒకసారి ఒక యువకుడు తన బావమరదికి వచ్చిన కాగితము తెచ్చి చూపెను. జీతము, పని, యజమాని పేరు, ముద్ర అన్నియు ఉన్నవి. అన్నిటికిని కాగితమడుగు ఆయన, ఆ దినము అన్నియు ఉన్న కాగితమును చూచి కూడ ముఖము చిట్లించి, "ఏదో వెలితిగా ఉంది, రేపటిదాకా డబ్బు పంపనీయకు" అనిరి. ఆ యువకునికి కోపము వచ్చినది. అనిపించుటను నమ్మవద్దని మాకు చెప్పెడివారు మీరే గదా యని అడిగినాడట. ఆయన వాదింపక కాగితమును దగ్గర ఉంచుకొని, రాత్రి దీపముక్రింద మరల మరల చూడగా, కార్యాలయపు ముద్రక్రింది తేదీ శుక్రవారముగా తేలినది. శుక్రవారమునాడు ఈ దేశమున ఏ కచేరి తెరచియుండును? దస్తావేజులను చూచిచూచి పండిన కన్నది. తేదీలోని తప్పును మాటగా చదువకమునుపే వెలితిగా చదివినది. ఆ వెలితిని తీర్పుగా గాక వెదకుటకు ఉత్తరువుగా ఆయన గ్రహించిరి. దుష్యంతుడు చేయనిది ఇదియే. ఆ విషయమును మరుసటివారము నాతో చెప్పుచు ఆయన నవ్వి ఊరకుండిరి. నేను ఆ రాత్రి అన్నంభట్టును మరల తెరచితిని.

అడుగుటకును వెదకుటకును ఈ ఊరిలోనే ఒక పాతసాక్షి కలడు. ఈ నగరమున సమాధియైయున్న ఇస్లాము ప్రాచీనపండితుడు అబ్దుల్లా ఇబ్న్ అబ్బాసు, తనకు విద్య ఎట్లబ్బినదని అడిగినవారికి, విసుగులేక అడుగు నాలుకవలనను, ఆలోచించు హృదయమువలనను అని చెప్పినట్లు వాడుక కలదు. ఆయన మసీదుముందుగా మీరు దినమును పోవుచుందురు.

ఇక ఒక మనవి చేసి విరమించెదను. 1983 నాటి ప్రవాసచట్టముక్రింద మన దేశమున ఏజెంటునకు లైసెన్సు ఉండవలెను. ఆతడు పుచ్చుకొనదగిన రుసుము 30,000 రూపాయలును దానిపై జీఎస్టీయు మాత్రమే. లైసెన్సుగలవారి పట్టిక ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో అందరికిని కనబడునట్లున్నది. హైదరాబాదున ప్రవాసికుల సంరక్షణాధికారి కార్యాలయమున్నది. ఊరినుండి తమ్ముడో, మేనల్లుడో ఫోను చేసి, "అన్నా, ఈ వీసా మంచిదేనా?" అని అడిగినప్పుడు, దూరముననుండి "నాకైతే మంచిదే అనిపిస్తున్నది" అని బదులు చెప్పకుడు. ఏజెంటు లైసెన్సు సంఖ్యను వానిచేత చదివింపుడు. ఆ సంఖ్య ఎదుట ఆ పేరే ఉన్నదో లేదో మీరు స్వయముగ చూడుడు. యజమాని ఎవరో, పని యేదో, జీతమెంతో కాగితములో ఉన్నవో లేవో అడుగుడు. రసీదు లేనిదే రూపాయి ఇవ్వవలదని చెప్పుడు. అన్నియు సరిగనే ఉండియు మీ మనసునకు వెలితి తోచినచో, ఒక్క దినము ఆగుమని చెప్పి, ఆ వెలితి యేమిటో వెదకుడు.